ఐఎస్‌ఓ 37001 సర్టిఫికేషన్: లంచాల కట్టడికి పెట్టే డబ్బుకు తగ్గ విలువ ఉందా?

విదేశీ కస్టమర్ పంపిన వెండర్ ఫారంలో "లంచాల నిరోధక వ్యవస్థ ఉందా? సర్టిఫికెట్ జత చేయండి" అనే గడి కనిపించగానే కంపెనీలు వెతికేది ఐఎస్‌ఓ 37001 కోసమే. లంచాల నిరోధక మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు అంతర్జాతీయ ప్రమాణం అది. మొదటి కూర్పు 2016 అక్టోబరులో, రెండోది 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. ఈ సమీక్ష ఆ ప్రమాణం గురించీ, దాన్ని అడ్డుపెట్టుకుని అమ్ముతున్న కన్సల్టెన్సీ, ఆడిట్ సేవల గురించీ. రెండు మూడు వందల మంది ఉద్యోగులు, ఒక ఫ్యాక్టరీ, డజను ప్రభుత్వ అనుమతులు, వందల్లో వెండర్లు ఉన్న మధ్యస్థాయి కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ప్రమాణం మంచిది. అందులో రోజువారీ నియంత్రణల గురించి చెప్పే ఎనిమిదో అధ్యాయం చాలా మంచిది. కానీ బజారులో దొరికే ప్యాకేజీలు చాలావరకు ఆ ఎనిమిదో అధ్యాయాన్నే పలచన చేసి, పాలసీ ఫైళ్లు, ప్రతిజ్ఞ పత్రాలు, గోడకు తగిలించే పోస్టర్లు చేతిలో పెడుతున్నాయి. కాంట్రాక్టర్ బిల్లు పాసయ్యే టేబుల్ దాకా వెళ్లని కంప్లయన్స్ (చట్టం, నిబంధనలు పాటించే) ప్లాన్ మీద ఎంత ఖర్చు పెట్టినా దండగే.

చట్టం దగ్గర ఈ సర్టిఫికెట్ విలువెంత?

1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించారు. ఆ ఏడాది జూలై 26 నుంచి లంచం తీసుకున్నవాడితో పాటు ఇచ్చినవాడూ నేరుగా నేరస్థుడే. సెక్షన్ 8 కింద ఏడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బలవంతం మీద ఇవ్వాల్సి వచ్చిందని చెప్పుకోవాలంటే, ఇచ్చిన ఏడు రోజుల్లోపు పోలీసులకో ఏసీబీకో తెలియజేసి ఉండాలి. సెక్షన్ 9 కంపెనీల కోసం పెట్టింది. ఉద్యోగి కావచ్చు, ఏజెంటు కావచ్చు, సబ్‌కాంట్రాక్టర్ కావచ్చు, కంపెనీ తరఫున పనిచేసేవారు కంపెనీ లాభం కోసం లంచమిస్తే జరిమానా కంపెనీ మీద పడుతుంది. దాన్నుంచి బయటపడాలంటే, ఇలాంటివి జరగకుండా తగిన ఏర్పాట్లు ముందు నుంచే ఉన్నాయని కంపెనీయే రుజువు చేసుకోవాలి. డైరెక్టరో మేనేజరో సమ్మతించినట్టు, కుమ్మక్కైనట్టు తేలితే సెక్షన్ 10 కింద వ్యక్తిగతంగా మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు.

ఈ సెక్షన్లలో ఐఎస్‌ఓ ప్రస్తావన ఎక్కడా లేదు. సర్టిఫికెట్ చూపిస్తే కేసు ఆగదు. ఫలానా తేదీన ఫలానా బిల్లును ఎవరు చూశారు, ఏ ప్రశ్న వేశారు, ఎందుకు ఆపారు అనే రికార్డు ఉంటేనే "తగిన ఏర్పాట్లు" అనే మాటకు ఆధారం దొరుకుతుంది. బ్రిటన్‌లో వ్యాపారమున్న కంపెనీలకు అక్కడి 2010 బ్రైబరీ చట్టం సెక్షన్ 7 కూడా ఇదే తీరులో వర్తిస్తుంది. అమెరికా న్యాయశాఖ కంపెనీల కంప్లయన్స్‌ను తూచేటప్పుడు మూడు విషయాలు అడుగుతుంది: ప్లాన్ సరిగ్గా తయారైందా, దానికి తగిన వనరులూ అధికారమూ ఇచ్చారా, ఆచరణలో పనిచేస్తోందా. మూడోదానికి కాగితం జవాబు చెప్పలేదు.

డబ్బాలో ఏముంది?

ప్రమాణంలో నాలుగు నుంచి పది దాకా ఉన్న అధ్యాయాల చట్రం ఐఎస్‌ఓ 9001 (నాణ్యత), 14001 (పర్యావరణం) ప్రమాణాల్లో ఉన్నదే. డాక్యుమెంట్ కంట్రోల్, ఇంటర్నల్ ఆడిట్, మేనేజ్‌మెంట్ రివ్యూ ఇప్పటికే నడుస్తున్న కంపెనీ వాటికోసం కన్సల్టెంటుకు మళ్లీ పూర్తి ఫీజు కట్టక్కర్లేదు. కొటేషన్‌లో ఆ పనికి ఎన్ని మ్యాన్-డేలు (ఒక మనిషి ఒక రోజు పని) వేశారో చూసి కోసేయండి. 2025 కూర్పులో సంస్థ సంస్కృతి, స్వప్రయోజనాల ఘర్షణ గురించి స్పష్టత పెరిగింది. కొత్తగా తీసుకునేవాళ్లు ఈ కూర్పుకే తీసుకోవాలి.

కొత్త సరుకంతా రెండు చోట్ల ఉంది. ఒకటి, 4.5లో లంచాల రిస్క్ అంచనా. రెండు, ఎనిమిదో అధ్యాయం: 8.2లో ఎదుటివారి గురించి విచారణ, 8.3లో ఆర్థిక నియంత్రణలు, 8.4లో కొనుగోళ్లు, కాంట్రాక్టుల వంటి ఇతర నియంత్రణలు, 8.5లో వ్యాపార భాగస్వాముల మీద అదుపు, 8.7లో బహుమతులు, 8.9లో ఫిర్యాదులు, 8.10లో దర్యాప్తు.

రెడీమేడ్ కిట్లలో వచ్చే రిస్క్ అంచనా మాత్రం నాసిరకం. ఎక్సెల్ షీట్‌లో "ప్రభుత్వ అధికారులతో సంబంధాలు: మీడియం" అని ఒక వరస ఉంటుంది. దానితో ఎవరికీ ఏమీ తెలియదు. పనికొచ్చే అంచనా అనుమతుల జాబితాతో మొదలవుతుంది. కాలుష్య నియంత్రణ మండలి కన్సెంట్లు, ఫ్యాక్టరీ ప్లాన్ ఆమోదం, బాయిలర్ తనిఖీ, ఫైర్ ఎన్‌ఓసీ, కరెంటు లోడ్ పెంపు, కాంట్రాక్ట్ లేబర్ లైసెన్సు, కస్టమ్స్ క్లియరెన్సు. ఒక్కోదాని ఎదుట రాయాల్సినవి ఇవి: ఏ ఆఫీసు, మన తరఫున ఎవరు వెళ్తున్నారు, చలానా ఎంత, ఏ ఖాతా నుంచి కట్టారు, నిబంధనల ప్రకారం గడువెంత, నిజానికి ఎన్ని రోజులు పట్టింది. తెలంగాణలో పరిశ్రమల అనుమతుల విధానం టీఎస్ ఐపాస్ (ఇప్పుడు టీజీ ఐపాస్) కింద చాలా అనుమతులకు గడువులు చట్టంలోనే ఉన్నాయి కాబట్టి ఈ పోలిక తేలిక. గడువు దాటి నెలల తరబడి ఆగిన ఫైలు ఒక హెచ్చరిక. అలా ఆగి, ఏజెంటు మారగానే రెండు రోజుల్లో కదిలిన ఫైలు అంతకన్నా పెద్ద హెచ్చరిక. ఈ జాబితా తయారు చేయని కన్సల్టెంటుకు మొదటి విడత డబ్బు కూడా ఇవ్వకండి.

చెన్నై క్యాంపస్ కేసుతో పరీక్షిస్తే

ప్రమాణం పనిచేస్తుందా అని చూడటానికి అమెరికా ఐటీ కంపెనీ కాగ్నిజెంట్ వ్యవహారం మంచి గీటురాయి. చెన్నైలో ఆ సంస్థ కట్టిన క్యాంపస్‌కు ప్లానింగ్ అనుమతి కోసం 2014లో తమిళనాడు అధికారి ఒకరు 20 లక్షల డాలర్లు అడిగారనీ, ఆ మొత్తం నిర్మాణ కాంట్రాక్టర్ చేత ఇప్పించి, తర్వాత చేంజ్ ఆర్డర్ల (ఒప్పందం తర్వాత చేర్చే అదనపు పనుల బిల్లుల) రూపంలో ఆ కాంట్రాక్టర్‌కు తిరిగి చెల్లించారనీ అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఆరోపించింది. ఆరోపణలను ఒప్పుకోకుండా, కాదనకుండా కంపెనీ 2019 ఫిబ్రవరిలో సుమారు 2.5 కోట్ల డాలర్లు కట్టి సెటిల్ చేసుకుంది. బోర్డుకు విషయం తెలిసిన రెండు వారాల్లో తానే వెళ్లి వెల్లడించడం వల్ల అమెరికా న్యాయశాఖ కంపెనీపై క్రిమినల్ కేసు పెట్టలేదు. ఇద్దరు మాజీ ఉన్నతాధికారులపై పెట్టిన కేసును 2025లో ప్రభుత్వమే వెనక్కు తీసుకుంది.

ఇక్కడ గమనించాల్సింది డబ్బు వెళ్లిందని చెప్పిన దారి. కంపెనీ ఖాతా నుంచి అధికారికి నేరుగా రూపాయి వెళ్లినట్టు ఎవరూ అనలేదు. కోడ్ ఆఫ్ కండక్ట్, ఆన్‌లైన్ ట్రైనింగ్, బహుమతుల పరిమితి లాంటివేవీ ఈ దారికి అడ్డం రావు. 8.3నీ, 8.5నీ అక్షరాలా అమలు చేసి ఉంటే చేంజ్ ఆర్డర్ దగ్గర ప్రశ్న పుట్టేది. అయితే పై స్థాయి వాళ్లే సరేనంటే కింది టేబుల్ ఆపగలదా? అందుకే కంప్లయన్స్ బాధ్యుడు బోర్డుకు నేరుగా చెప్పుకోగలగాలని 5.3.2 అడుగుతుంది. దీన్ని కంపెనీలు తేలిగ్గా తీసుకుంటాయి. కంప్లయన్స్ ఆఫీసర్ జీతం, ఇంక్రిమెంటు ఎవరి చేతిలో ఉన్నాయో ఆడిటర్ అడగకపోతే ఆ ఆడిట్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

బిల్లు దగ్గర ఏం చూడాలి

లైజనింగ్ ఏజెంటు, అంటే కంపెనీ తరఫున ప్రభుత్వ ఆఫీసుల్లో అనుమతుల పని చూసేవాడి బిల్లు ఎలా ఉంటుందో చూడండి. "అప్రూవల్ పనులకు ప్రొఫెషనల్ చార్జీలు, లంప్‌సమ్" అని ఒక్క వరస. జతపరిచిన కాగితాలు లేవు. జీఎస్టీ 18 శాతం వేశారు, టీడీఎస్ కోశారు, పీఓ (పర్చేజ్ ఆర్డర్) నంబరు ఉంది. అకౌంట్స్ దృష్టిలో బిల్లు శుభ్రం. పన్ను కట్టినంత మాత్రాన ఖర్చు సక్రమం కాదన్న సంగతి ఇక్కడే మరుగున పడుతుంది.

ఈ బిల్లుకు పెట్టాల్సిన షరతులు ప్రమాణంలో విడివిడిగా ఉన్నాయి. వాటిని ఇలా కలపాలి. ఒప్పందంలో ఒక్కో అనుమతికి ఒక్కో పని, ఒక్కో రేటు. ఫైలు వేసినప్పుడు ఇంత, లోపాలు సరిచేసి మళ్లీ వేసినప్పుడు ఇంత అని దశలవారీగా ఫీజు. "అనుమతి వస్తేనే ఇంత" అనే సక్సెస్ ఫీజు వద్దు, ఎందుకంటే ఆ మొత్తంలో వాటా పంచడానికి వీలు కల్పించేది అదే. ప్రభుత్వ రుసుము ఎప్పుడూ కంపెనీ ఖాతా నుంచే ఆన్‌లైన్ చలానాగా వెళ్లాలి. ఏజెంటు కట్టి రీయింబర్స్‌మెంట్ అడగడం ఉండకూడదు. బిల్లుతో పాటు అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్లు, అధికారి లేవనెత్తిన అభ్యంతరాల కాపీ, ఏజెంటు ఆఫీసుకు వెళ్లిన తేదీలు ఉండాలి. పని జరిగిందని సంతకం పెట్టేది అనుమతి అవసరమున్న ప్రాజెక్టు మేనేజర్ కాకుండా మరొకరు కావాలి. ఏజెంటు ఖాతా పుస్తకాలు చూసే హక్కు ఒప్పందంలో రాయించుకుంటే చాలదు, ఏడాదికి ఒకరిద్దరివి నిజంగా తెరిచి చూడాలి.

నిర్మాణ బిల్లులు ఇంకా కష్టం. లెక్క దాచడానికి ఎంచుకునే ఐటమ్స్ ఎప్పుడూ ఒకే రకం: పని అయిపోయాక కొలవలేనివి. మట్టి తవ్వి తరలించడం, నీళ్లు తోడటం, తాత్కాలిక రోడ్డు, సైట్ చదును చేయడం. శ్లాబు వేసేశాక కింద ఎంత మట్టి తీశారో ఎవరు తేలుస్తారు? అందుకని ఇలాంటి ఐటమ్‌కు పని మొదలు కాకముందే షరతు పెట్టాలి. తవ్వకానికి ముందూ తర్వాతా సర్వే లెవెల్స్, లారీ ట్రిప్ షీట్లు, డంపింగ్ స్థలం రసీదులు. నీళ్లు తోడటానికి పంపు హార్స్‌పవర్, నడిచిన గంటలు, డీజిల్ లేదా మీటర్ రీడింగ్. ఇవేవీ లేకుండా ఎంబీలో (కొలతల పుస్తకంలో) ఎక్కించిన ఎక్స్‌ట్రా ఐటమ్‌ను పాస్ చేయకూడదు. పని పూర్తయ్యాక వచ్చిన చేంజ్ ఆర్డర్, గుండ్రటి అంకెలతో ఉన్నది, ఒకసారి తిరస్కరించి కొత్త పేరుతో మళ్లీ వచ్చినది, అనుమతి చేతికందిన వారంలోనే పడినది: ఈ నాలుగింటినీ ఫైనాన్స్‌తో పాటు కంప్లయన్స్ కూడా చూశాకే డబ్బు వదలాలి. అనుమతుల తేదీలనూ చేంజ్ ఆర్డర్ల తేదీలనూ ఒకే షీట్‌లో పక్కపక్కన పెట్టడం అరపూట పని. అది అడిగే ఆడిటర్ దొరికితే వదులుకోవద్దు.

పర్చేజ్ విభాగంలో పర్సంటేజీలు

అవినీతి నిరోధక చట్టం ప్రభుత్వోద్యోగుల చుట్టూ తిరుగుతుంది. ప్రైవేటు కంపెనీ పర్చేజ్ మేనేజర్ వెండర్ దగ్గర కమీషన్ తీసుకోవడం దాని పరిధిలోకి రాదు. నమ్మకద్రోహం, మోసం కింద భారతీయ న్యాయ సంహితలోనో, కంపెనీల చట్టం సెక్షన్ 447లోనో చూసుకోవాల్సిందే. ఐఎస్‌ఓ 37001 మాత్రం ప్రైవేటు లంచాన్నీ, ఉద్యోగి తీసుకునే లంచాన్నీ కూడా లెక్కలోకి తీసుకుంటుంది. మా దృష్టిలో మధ్యస్థాయి కంపెనీకి డబ్బు మిగిల్చేది ఈ భాగమే.

సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. ఇప్పటికే వాడుతున్న ట్యాలీ నుంచో శాప్ నుంచో వెండర్ మాస్టర్, పేరోల్ మాస్టర్ (వెండర్ల, ఉద్యోగుల పూర్తి జాబితాలు) దింపుకుని బ్యాంకు ఖాతాలు, ఫోన్ నంబర్లు, చిరునామాలు పోల్చండి. ఆమోదం పరిమితి లక్ష రూపాయలైతే తొంభై వేలకూ లక్షకూ మధ్య పడిన పీఓలు విడిగా తీయండి. ఒకే వెండర్‌కు ఒకే వారంలో రెండు మూడు పడితే ఆర్డరును ముక్కలు చేసినట్టే అనుమానించాలి. వెండర్ ఇన్వాయిస్ నంబర్లు చూడండి. జూన్‌లో 41, జూలైలో 42, ఆగస్టులో 43 వస్తే ఆ సంస్థకు మీరు తప్ప వేరే కస్టమర్ లేడు. మూడు కొటేషన్లలోనూ ఒకే అక్షరదోషం కనిపిస్తే మూడూ ఒకే చోట టైపయ్యాయి. మూడు నెలలకోసారి చేస్తే ఇవి చాలు. ఏడాదికోసారి, అదీ ఆడిటర్ వచ్చే ముందు చేస్తే అప్పటికి వెండర్ పేరు మారిపోయి ఉంటుంది.

ప్రమాణంలో చిన్న అక్షరాల్లో ఉండి, ఎవరూ పట్టించుకోని మంచి మాట ఒకటుంది. లంచం రిస్క్ ఎక్కువున్న పోస్టుల్లో బోనస్‌లు, టార్గెట్లు తప్పుకు పురిగొల్పకుండా ఉన్నాయో లేదో మధ్యమధ్య సరిచూడమని 7.2.2 చెబుతుంది. ఫలానా తేదీకి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వస్తే ప్రాజెక్టు హెడ్‌కు రెండు నెలల జీతం బోనస్ అని హెచ్‌ఆర్ రాసిస్తే, ఆ తేదీ అతని చేతిలో లేదు. అధికారి చేతిలో ఉంది. ఆ బోనస్ అతన్ని ఎటు తోస్తుందో చెప్పనక్కర్లేదు. టార్గెట్‌ను "లోపాలు లేని దరఖాస్తు ఫలానా తేదీకి వేయడం"గా మార్చితే సరిపోతుంది.

బహుమతులు, స్పీడ్ మనీ

బహుమతుల రిజిస్టర్‌లో అందరూ విలువ రాస్తారు. రాయాల్సిన ముఖ్యమైన గడి వేరే ఉంది: తీసుకుంటున్న వ్యక్తి దగ్గర ఆ రోజున మన ఫైలు పెండింగ్‌లో ఉందా? ఉంటే దీపావళి స్వీటు డబ్బా కూడా వద్దు. ఫైలు కదిలించడానికిచ్చే చిన్న మొత్తాలకు అమెరికా చట్టంలో కొంత మినహాయింపు ఉంది కానీ మన చట్టంలోనూ, బ్రిటన్ చట్టంలోనూ లేదు. అమెరికా మాతృసంస్థ పాలసీని యథాతథంగా కాపీ చేసే కంపెనీలు ఇక్కడ దెబ్బతింటాయి. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పున్న స్థితిలో డబ్బిచ్చి బయటపడాల్సి వస్తే ప్రమాణం అర్థం చేసుకుంటుంది, కానీ వెంటనే రాసిపెట్టమంటుంది. మన దగ్గర ఆ ఏడు రోజుల గడువు కూడా అప్పుడే మొదలవుతుంది. తెలంగాణలో ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064 సైట్ ఆఫీసు గోడ మీదా, డ్రైవర్ల ఫోన్లలోనూ ఉండాలి.

ఫిర్యాదుల లైను

లిస్టెడ్ కంపెనీలు, ప్రజల నుంచి డిపాజిట్లు తీసుకునేవి, బ్యాంకుల నుంచి 50 కోట్లకు మించి అప్పున్నవి కంపెనీల చట్టం సెక్షన్ 177 ప్రకారం విజిల్ మెకానిజం (తప్పులపై ఫిర్యాదు చేసే ఏర్పాటు) పెట్టి తీరాలి. పెడతారు కూడా. అందులో వచ్చే లోపాలు దాదాపు అన్నిచోట్లా ఒకటే. ఎథిక్స్ మెయిల్ ఐడీ ఇన్‌బాక్స్ హెచ్‌ఆర్ హెడ్‌కూ, ఐటీ అడ్మిన్‌కూ తెరుచుకుంటుంది. పోస్టర్ ఇంగ్లిష్‌లో ఉంటుంది. పాశమైలారంలోనో పరవాడలోనో షిఫ్టులో ఉన్న కాంట్రాక్టు కార్మికుడికీ, ఒడిశా నుంచి వచ్చిన హెల్పర్‌కూ, గేటు దగ్గర లారీలు లెక్కపెట్టే సెక్యూరిటీ గార్డుకూ ఆ పోస్టర్ ఉన్నా లేనట్టే. తప్పుడు ట్రిప్ షీట్ సంగతి ముందు తెలిసేది మాత్రం ఆ గార్డుకే.

బయటి సంస్థ నడిపే హాట్‌లైన్ కొనాలనుకుంటే డెమో చూసి నిర్ణయించుకోకండి. ఆదివారం రాత్రి ఫోన్ చేసి తెలుగులో, మళ్లీ హిందీలో, పేరు చెప్పకుండా ఒక నమూనా ఫిర్యాదు ఇవ్వండి. ఎత్తారా, రిఫరెన్సు నంబరు ఇచ్చారా, ఆ నంబరుతో మళ్లీ ఫోన్ చేస్తే అదనపు వివరాలు అడిగారా, మీకొచ్చిన నివేదికలో ఫోన్ నంబరు దాచారా చూడండి. యూరప్ నిబంధనల్లో ఉన్నట్టు ఏడు రోజుల్లో అందినట్టు తెలపడం, మూడు నెలల్లో ఏం చేశారో చెప్పడం మంచి కొలమానం. ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ రాలేదని రివ్యూ మీటింగ్‌లో సంతోషించే కంపెనీలున్నాయి. రాకపోవడానికి కారణం వెతకాలి.

దర్యాప్తు దగ్గర ప్రమాణం చెప్పేది తక్కువ, కిట్లు చెప్పేది శూన్యం. ఫిర్యాదు రాగానే ఉద్యోగిని పిలిచి నిలదీస్తే మర్నాటికి వాట్సాప్ ఖాళీ. ముందు కంపెనీ ల్యాప్‌టాప్ ఇమేజ్ (పూర్తి నకలు), అది మారలేదని చూపే హ్యాష్ విలువతో సహా తీసిపెట్టాలి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ అడుగుతారు. తర్వాత తేదీ, బిల్లు నంబరు, మొత్తంతో కూడిన ఛార్జ్‌షీటు, సంబంధం లేని విచారణాధికారి, ఎదుటి సాక్షులను ప్రశ్నించే అవకాశం. కార్మికుడిని సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు వేతనంలో సగం, జాప్యం అతని వల్ల కాకపోతే తర్వాత 75 శాతం ఇవ్వాలి. రాజీనామా తీసుకుని సర్దుకోవడం తేలికగా కనిపిస్తుంది కానీ లంచమిచ్చిన వెండర్ అలాగే జాబితాలో ఉండిపోతాడు, కొత్త మేనేజర్‌ను పట్టుకుంటాడు.

ఎవరి దగ్గర తీసుకోవాలి?

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థకు మన దేశంలో సర్టిఫికేషన్ సంస్థలను గుర్తించే ఎన్‌ఏబీసీబీ గానీ, దానికి సమానమైన విదేశీ సంస్థ గానీ ఈ ప్రమాణానికే అక్రెడిటేషన్ (గుర్తింపు) ఇచ్చి ఉండాలి. 9001కు ఉంది కదా అంటే చెల్లదు. ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో సర్టిఫికెట్ నిజానిజాలు చూసుకోవచ్చు. "వారంలో సర్టిఫికెట్, డాక్యుమెంట్లు కూడా మేమే రాసిస్తాం" అనేవాళ్ల జోలికి పోవద్దు. ఒకే సంస్థ సలహా ఇచ్చి, తానే సర్టిఫై చేయడం ఆడిట్ నిబంధనలకు విరుద్ధం. సర్టిఫికెట్ మూడేళ్లు నడుస్తుంది. స్టేజ్ 1లో కాగితాలు, స్టేజ్ 2లో అమలు, తర్వాత ఏటా సర్వైలెన్స్ ఆడిట్. కొటేషన్ పోల్చేటప్పుడు మొత్తం ధర కాదు, స్టేజ్ 2లో సైట్ మీద ఎన్ని రోజులు, అకౌంట్స్‌లో ఎన్ని రోజులు అనేది చూడాలి. అన్నీ కాన్ఫరెన్స్ రూంలోనే అయితే ధర ఎంత తక్కువైనా వద్దు.

పరిమితులూ తెలుసుకుని కొనాలి. మోసం, పోటీదారులతో కుమ్మక్కు, మనీ లాండరింగ్ దీని పరిధిలో నేరుగా లేవు, కావాలంటే కంపెనీయే పరిధి పెంచుకోవాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదులకు పోష్ చట్టం కింద కమిటీ వేరే, పదిమంది లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి సంస్థలో తప్పనిసరి. కంప్లయన్స్ అంతటినీ ఒకే గొడుగు కిందకు తేవాలనుకుంటే 2021లో వచ్చిన ఐఎస్‌ఓ 37301 చూడాలి. ఆడిట్ అంటే శాంపిల్ మాత్రమే, వందల బిల్లుల్లో చూసేవి కొన్ని.

ప్రభుత్వ కాంట్రాక్టులు, విదేశీ కస్టమర్లు, పెద్ద నిర్మాణం ఉన్న కంపెనీకి ఇది కొనదగినదే. యాభై మంది ఉన్న సంస్థ సర్టిఫికెట్ డబ్బు దాచుకుని, అనుమతుల జాబితా, ఏజెంటు ఒప్పందాలు, మూడు నెలలకోసారి వెండర్ పరీక్ష, తెలుగులో పలికే ఫిర్యాదు నంబరు సొంతంగా పెట్టుకోవచ్చు. కొనేవాళ్లు పర్చేజ్ ఆర్డర్‌లో ఒక వరస చేర్పించండి: గత పన్నెండు నెలల లైజనింగ్ చెల్లింపులన్నీ, విలువను బట్టి మొదటి పది చేంజ్ ఆర్డర్లూ ఆడిటర్ మూలపత్రాలతో సహా చూడాలి. ఆ వరసకు ఒప్పుకోని సంస్థను అక్కడితో పక్కన పెట్టండి.